కంటికోసం చాచిన చేయి

షుగరు ముదిరి కంటి రెటీనాలో నీరు చేరితే నిటారుగా ఉన్న తలుపు చట్రం వంకరగా కనిపిస్తుంది. ఎదుటి మనిషిని చూస్తే చెవులు, జుట్టు తెలుస్తాయి గానీ ముఖం ఉండాల్సిన చోట మసక నిలబడుతుంది. దీనికి నేడు వైద్యం ఉంది. కన్ను మొద్దుబారడానికి చుక్కలు వేసి, రెప్పలు మూతపడకుండా చిన్న క్లిప్పు పెట్టి, తెల్లగుడ్డులోంచి సన్నని సూదితో మందు ఎక్కిస్తారు. పని నిమిషాల్లో ముగుస్తుంది, ఆ పూటే ఇంటికి పంపేస్తారు. చిక్కు కూడా అక్కడే మొదలవుతుంది. ఆరోగ్య బీమా ప్రధానంగా ఆస్పత్రిలో 24 గంటలు పడుకున్నవాళ్ల కోసం రాసుకున్నది. కంటి లోపలికిచ్చే ఇంజెక్షన్లను పాలసీల నుంచి మినహాయించకూడదని బీమా నియంత్రణ సంస్థ 2019లో చెప్పింది. అయినా ఇంతకు మించి ఇవ్వమనే పరిమితులు, పాత జబ్బుకు ఇన్నేళ్లు ఆగాలనే షరతులు మిగిలే ఉన్నాయి. మందు ఒక్కసారితో పోయేదీ కాదు. మొదట్లో నెలకొకటి, ఆ తర్వాత కన్ను తీరును బట్టి మళ్లీ మళ్లీ వేయించాలి. మధ్యలో ఆపేస్తే తేరుకున్న చూపు తిరిగి జారిపోవచ్చు. దాచుకున్నది అయిపోయి, గాజులు తాకట్టుకు వెళ్లాక, భార్య కంటికోసమో భర్త కంటికోసమో నలుగురినీ అడగడమా మానడమా అన్న ప్రశ్న ఆ ఇంటి ముందు నిలుస్తుంది. అడగడం తప్పు కాదు సరికదా, ఆ స్థితిలో అది గృహస్థధర్మమే.

మన పెద్దలు యాచనను తేలిగ్గా తీసుకోలేదన్నది నిజం. చేయి చాచడంలోని చిన్నతనాన్ని శతకకారులు గట్టిగానే చెప్పారు. కానీ వాళ్లు ఏవగించుకున్నది ఒళ్లొంచని బతుకును, ఎంత పెట్టినా తీరని ఆశను. తోడు నిలిచిన మనిషి కోసం అడిగేవారి సంగతి వేరు. భారతం అరణ్యపర్వంలోని సావిత్రిని చూడండి. మగడి ప్రాణం పట్టుకుపోతున్న యముడి వెంట నడుస్తూ ఆమె చేసిన పనల్లా అడగడమే. సత్యవంతుడి ప్రాణం తప్ప ఏదైనా కోరుకోమన్నప్పుడు మొట్టమొదట ఆమె కోరింది గుడ్డివాడైన మామ ద్యుమత్సేనుడికి చూపు. పోయిన రాజ్యం ఆ తర్వాతి వరం. సింహాసనం కన్నా ముందు కళ్లు అడగాలని ఆ కోడలికి తోచింది. అడిగినందుకు ఆమె గౌరవం తగ్గిందా? పతివ్రత అనగానే మనవాళ్ల నోట ముందు వచ్చే పేరు ఆమెదే. ఒక వరంతో ఆగిపోక మళ్లీ మళ్లీ అడిగిన ఆ పట్టుదలనే మనం భక్తితో చెప్పుకుంటున్నాం.

కష్టాన్ని పంచుకుంటే చాలదా, ఊరంతా చాటుకోవాలా అని అడిగేవారుంటారు. వారికి గాంధారి గుర్తొస్తుంది. భర్తకు లేని చూపు తనకెందుకని కళ్లకు గంతలు కట్టుకున్న ఆమె త్యాగాన్ని చిన్నబుచ్చే అర్హత ఎవరికీ లేదు. అయితే భారతం ఆ ఇంటి కథను అక్కడితో ఆపలేదు. దారి తప్పుతున్న కొడుకులను ఆ తల్లీతండ్రీ ఆపలేకపోవడమూ, కులం నాశనం కావడమూ చూపించింది. పోయేది పోనివ్వమని ఇద్దరూ కలిసి చీకట్లో కూర్చోవడం ప్రేమకు ఒక గుర్తే కావచ్చు, నయమయ్యే జబ్బు దగ్గర మాత్రం అది సరిపోదు. మన ఇళ్లలో ఇది ఎక్కువగా ఆడవాళ్ల విషయంలోనే జరుగుతుంది. బియ్యంలో రాళ్లు కనిపించకపోయినా, సూదిలోకి దారం ఎక్కకపోయినా పైకి చెప్పరు. ‘నాకిప్పుడు ఖర్చెందుకండీ, ముందు పిల్ల పెళ్లి కానీయండి’ అంటారు. ఆ మాటను త్యాగమని మెచ్చుకుని ఊరుకున్న భర్త, పెళ్లిపీటల మీద నాతిచరామి అని చేసిన ప్రమాణానికి ఏం జవాబు చెబుతాడు? ధనం విషయంలోనూ నిన్ను అతిక్రమించనన్నదే కదా ఆ ప్రమాణం.

ఇక కర్మ వాదం. అనుభవించాల్సింది అనుభవించక తప్పదు, మందులకీ విరాళాలకీ పరుగులెందుకని అనేవాళ్లున్నారు. ఆదిపర్వంలోని ఉపమన్యువు ఆకలికి తాళలేక జిల్లేడు ఆకులు తిని చూపు పోగొట్టుకుని బావిలో పడ్డాడు. వెతుక్కుంటూ వచ్చిన గురువు నీ కర్మ అని వెళ్లిపోలేదు. దేవవైద్యులైన అశ్వినులను వేడుకోమన్నాడు. శిష్యుడు స్తుతించాడు, చూపు వచ్చింది. ఆ కథలో ప్రార్థన వెళ్లి చేరింది వైద్యుల దగ్గరికే. దేవుడికి దండం పెట్టుకోవడానికీ ఆస్పత్రి మెట్లెక్కడానికీ పేచీ లేదని ఇంతకన్నా స్పష్టంగా ఎవరు చెప్పగలరు?

బలమైన అభ్యంతరం మరొకటుంది. జబ్బు పేరు చెప్పి మోసం చేసేవాళ్లున్నారు, ఎవరిని నమ్మాలి? న్యాయమైన అనుమానమిది. దీన్ని తీర్చే బరువు అడిగేవారిదే. అడిగే ముందు ఖర్చు తగ్గే దారులన్నీ వెతకాలి. వయసుతో వచ్చే రెటీనా జబ్బులో కంట్లోకి ఎక్కించే మందుల్లో ఖరీదైన రానిబిజుమాబ్‌కూ, ఎంతో చవకైన బెవాసిజుమాబ్‌కూ ఫలితంలో పెద్ద తేడా లేదని 2011లో అమెరికాలో పెద్ద అధ్యయనం తేల్చింది. అందరికీ అదే సరిపడుతుందని కాదు, డాక్టరును అడగడానికి మాత్రం మొహమాటపడకూడదు. హైదరాబాద్‌లో ప్రభుత్వ సరోజినీదేవి కంటి ఆస్పత్రి ఉంది, 1987లో మొదలైన ఎల్వీ ప్రసాద్ కంటి ఆస్పత్రి ఉంది. మదురైలో 1976లో డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామి ప్రభుత్వోద్యోగం విరమించాక 11 పడకలతో ప్రారంభించిన అరవింద్ ఆస్పత్రి ఉంది; డబ్బిచ్చేవాళ్ల ఆదాయంతో ఇవ్వలేనివాళ్లకు వైద్యం చేసే పద్ధతిని ఆయన నిలబెట్టారు. ముఖ్యమంత్రి సహాయనిధికి అర్జీ పెట్టుకోవచ్చు. ఇవన్నీ చూశాక కూడా మిగిలిన లోటునే అడగాలి. డాక్టరు రాసిచ్చిన అంచనా కాగితం చూపాలి, వీలైతే సొమ్ము నేరుగా ఆస్పత్రి ఖాతాలోనే కట్టమనాలి. పెళ్లిలో చదివింపులు ఎవరెంత ఇచ్చారో పుస్తకంలో రాసుకోవడం మనకు నామోషీ కాదు. అలాంటి పుస్తకమే ఇక్కడా పెట్టాలి. మిగిలితే అదే వార్డులోని మరో రోగి బిల్లుకు చేరాలి.

ఇచ్చేవాళ్లకూ నియమం ఉంది. కట్టు కట్టిన కంటి ఫొటో పెడితేనే ఇస్తామనడం, ఇచ్చాక పదిమందిలో చెప్పుకోవడం దానం విలువను తగ్గిస్తాయి. క్యాన్సర్‌తో పోరాడేవాళ్లుండగా కంటికి ఇవ్వాలా అన్న సందేహం రావచ్చు. చూపు పోతే టైలరు పనీ, డ్రైవరు పనీ పోతాయి, ఇంటి తిండి పోతుంది. అది ప్రాణం తీయదు గనుక చిన్న కష్టమని అనుకోలేం. కార్తీకంలో ఒక్కసారి ఇచ్చే పెద్ద మొత్తం కన్నా, ఆరు నెలలు వరసగా ఇచ్చే కొంత సొమ్ము ఈ వైద్యానికి ఎక్కువ అక్కరకొస్తుంది, సూది నెలనెలా పడాలి గనుక. డబ్బు లేని బంధువుకూ పని ఉంది. ఇంజెక్షన్ వేయించుకున్న రోజు మసకబారిన కంటితో ఒంటరిగా బస్సెక్కడం కష్టం. తోడు వెళ్లడం, సాయంత్రం దాకా ఆ ఇంటి కొట్టు చూసుకోవడం, మళ్లీ ఎప్పుడు రమ్మన్నారో రాసి పెట్టి గుర్తు చేయడం ఎవరైనా చేయగలిగినవే.