ముద్దెరుగని పిల్ల కట్టిన పాట

రాత్రి వంటగది సర్దుకుంటూ ఫోన్లో ఒక పాట పెట్టుకుంటాను. నాకు స్పానిష్ రాదు. అయినా ‘బేసమే ముచో’ మొదలవగానే గట్టు తుడిచే చెయ్యి ఆగిపోతుంది. ముద్దడిగే పాటే అది. కానీ ఆ అడగడంలో సరసం కన్నా, తెల్లారితే ఈ మనిషి దక్కడేమోనన్న దిగులే ఎక్కువ.

మాటలూ బాణీ రెండూ కొన్సుయెలో వెలాస్కెస్‌వే. 1916లో మెక్సికోలోని హలిస్కో రాష్ట్రంలో పుట్టింది. పియానో విద్వాంసురాలు. స్పెయిన్ స్వరకర్త గ్రనాదోస్ రాసిన, ఒక యువతి కోయిలలాంటి పిట్టతో తన బాధ చెప్పుకునే పాట ఆమె మనసులో పడి, ఇలా మరో పాటై వచ్చింది. అప్పటికి తననెవరూ ముద్దు పెట్టుకోలేదని, ముద్దు పాపమని మాత్రం విన్నానని తర్వాత ఆమే చెప్పింది.

ఆ సంగతి తెలిసిన రోజు నాకు ఎంత ధైర్యం వచ్చిందో! ఒకప్పుడు నేనో ప్రేమకథ రాస్తే, ఒక పెద్దాయన ఫోన్ చేసి, “ఇదంతా మీకు జరిగిందేనా అమ్మా?” అని అడిగారు. జవాబు చెప్పలేక ఫోన్ పెట్టేశాను. ఆ తర్వాత చాలాకాలం ప్రేమ జోలికి పోలేదు. క్షేత్రయ్య నాయిక గొంతుతో అన్ని పదాలు పాడితే అది భావన. ఆడది రాస్తే మాత్రం ఆరా.

కొన్సుయెలోకి చిన్నతనంలోనే తండ్రి పోయాడు. ముద్దు తెలియకపోవచ్చు గానీ, ఉన్న మనిషి లేకుండా పోవడం ఆ పిల్లకు తెలుసు. పాటలోని దిగులు అక్కణ్ణుంచే వచ్చిందని నా నమ్మకం. అనుభవమంటే జరిగినదొక్కటేనా? జరగనిదాని కోసం కూడా మనసు ఎంత కాగుతుందో ఎదురుచూసినవాళ్లని అడగాలి. 1944లో, యుద్ధం సాగుతుండగా, జిమ్మీ డోర్సీ బృందం ఇంగ్లిషులో చేసిన ఈ పాట అమెరికాలో మొదటి స్థానానికెక్కింది. సైనికుల కోసం ఎన్నో ఇళ్లు ఎదురుచూస్తున్న రోజులవి. 1962లో బీటిల్స్ కుర్రాళ్లు రికార్డు కంపెనీ పరీక్షకెళ్లి పాడినవాటిలోనూ ఇదుంది.

ఈ పాట కట్టిన తర్వాత కొన్సుయెలోకి పెళ్లయింది, ఇద్దరు కొడుకులు పుట్టారు, ఇంకెన్నో పాటలు కట్టింది. మెక్సికో పార్లమెంటు సభ్యురాలిగానూ పనిచేసింది. 2005లో, 88 ఏళ్ల వయసులో పోయింది.

మీ ఇంట్లో ఆడపిల్ల ఎవరైనా ప్రేమపాట రాసి చూపిస్తే, ఎవరిని తలచుకుని రాశావని అడక్కండి. ఇంకోసారి పాడమనండి.