కషాయము ఫలించినదనుట ఎట్లు?

కోరాపుట్టు మన్యపు పొలిమేరలలో తరతరములుగా కాపురమున్న మా తెలుగు కుటుంబములకు చలిజ్వరము క్రొత్త చుట్టము కాదు. ఇంట నెవరికైనను వణకు పుట్టినచో మా అవ్వలు నేలవేము కషాయము కాచి త్రాగించెడివారు. కొందరికి జ్వరము దిగెను, కొందరికి దిగలేదు. దిగినవారిని గూర్చియే మేము కథలుగా చెప్పుకొంటిమి. దిగనివారిని మరచుట ధర్మమా యను సందేహ మిప్పుడు మమ్ము బాధించుచున్నది. దినము విడిచి దినము వచ్చు జ్వరమునకు నడిమి దినమున మంచినీళ్లిచ్చినను కీర్తి దక్కును గదా!

ఆఫ్రికాలోని మాలి దేశమున ఈ చిక్కు విప్పబూనిన వైద్యులు మొదట ఆకులు నూరలేదు. పల్లెలకు బోయి, బిడ్డకు జ్వరము వచ్చినప్పుడేమి యిచ్చితిరి, పిదప నేమయ్యెనని తల్లిదండ్రుల నడిగిరి. ఆ విచారణలో పైకి వచ్చినది మన బాటల ప్రక్క ముండ్ల ఆకులతో, పసుపు పూలతో పెరుగు బ్రహ్మదండియే. 2010లో ప్రకటితమైన పరీక్షలో 301 మంది రోగులను చీట్ల పద్ధతిని రెండు వర్గములు చేసి, ఒకరికి ఆ కషాయమును, వేరొకరికి ఆర్టిసునేటు, అమోడియాక్విను మాత్రలను ఇచ్చిరి. 28 దినములలో మరియొక మందు అవసరపడనివారు కషాయము త్రాగినవారిలో నూటికి 89 మంది, మాత్రలు మ్రింగినవారిలో 95 మంది. అయినను ఆ కషాయము నెత్తురులోని పరాన్నజీవులను తగ్గించునే కాని తరచుగా నిర్మూలింపదు.

మరి ఫలించుట యనగా రోగి లేచి పనికి బోవుటయా, పరాన్నజీవి నశించుటయా? లేచి తిరుగువాని నెత్తురు త్రాగిన దోమయే ప్రక్కయింటి బిడ్డను కుట్టును. ఈ విషయమున మా అవ్వల తీర్పు చాలదని యొప్పుకొనుటకు మాకు చాల కాలము పట్టినది.

పెద్దల మాటను పరీక్షించుట అగౌరవమని కొందరందురు. చైనా దేశపు తూ యూయూ, నాలుగవ శతాబ్దపు గే హూంగ్ వైద్యగ్రంథమున ఒక మాచిపత్రి జాతి మొక్కను కాచుమని గాక నీట నానబెట్టి పిండుమని యుండుట గమనించెను. వేడిమికి గుణము చెడునేమో యని, స్వల్పమైన వేడికే మరుగు ఈథరుతో సారము తీసెను. 1972లో రోగులకిచ్చుటకు ముందు తానును సహచరులును దానిని సేవించిరి. 2015లో ఆమెకు నోబెల్ బహుమానము లభించినది. ఆ ప్రాతమాటకు అంతకు మించిన గౌరవ మేమున్నది? అయినను అదే ఆకు తేనీటిని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2019లో సమ్మతింపలేదు. గుక్కెడు గుక్కెడుకు మందు పాలు మారును. చాలీచాలని మందుకు పరాన్నజీవి అలవాటుపడును.

బ్రహ్మదండి గింజల నూనె ఆవనూనెలో కలిసి 1998లో ఢిల్లీలో పలువురి ప్రాణములు దీసెను. ఆకు వేరు, గింజ వేరు, మొక్క యొక్కటే.

నేలవేము కషాయము మా ఇంట నింకను కాచుచునే యున్నాము. వణకు పుట్టిన బిడ్డను మాత్రము ముందుగా వ్రేలు గ్రుచ్చి నెత్తురు చూచు చోటికి కొనిపోవుచున్నాము. కషాయపు గిన్నె పొయ్యి కెక్కుట తరువాతనే.