తేదీ ముద్ర

ఆబిడ్స్‌లో మూడంతస్తుల బట్టల కొట్టు ఒకటి ఉండేది. అరవై మంది పనివాళ్లు. వాళ్లందరి హాజరు, జీతం, సెలవు, పీఎఫ్, ఈఎస్ఐ చూసేది ఒక్క గుమాస్తాయే. ఆయన కుర్చీకి ఎదురుగా గోడ క్యాలెండర్. ఏడో తేదీ చుట్టూ ఎర్ర సున్నా: జీతాలు. పదిహేను చుట్టూ ఇంకొకటి: పీఎఫ్, ఈఎస్ఐ చలాన్లు. ఏళ్ల తరబడి ఆ రెండు తేదీలూ ఆయన దాటనివ్వలేదు. తనిఖీకి వచ్చినవాళ్లు రిజిస్టర్లు తిరగేసి మారుమాట లేకుండా వెళ్లిపోయేవాళ్లు. సేఠ్‌కు ఆయనంటే గురి.

బల్లకు ఎడమవైపు ఒక సొరుగు. పనివాళ్లు రాసిచ్చిన చీటీలన్నీ అందులోకి పోయేవి. దసరా సీజన్లో రాత్రి పదకొండు దాకా చేసిన అదనపు గంటలకు డబ్బు రాలేదని ప్యాకింగ్ కుర్రాడు రాశాడు. మోకాళ్లు పట్టేస్తున్నాయి, కింది అంతస్తుకు మార్చమని ఒక పెద్దాయన రాశాడు. ఒకరోజు చీరల కౌంటర్ అమ్మాయి నాలుగు మడతలు పెట్టిన కాగితం తెచ్చింది. సూపర్‌వైజర్ తనతో ఏమేం మాట్లాడుతున్నాడో, స్టాక్ రూమ్‌లో దారికి ఎలా అడ్డం నిలబడుతున్నాడో అందులో ఉంది.

"పదిహేను దాటనియ్యి బిడ్డా, చూస్తా" అన్నాడు గుమాస్తా.

ఆ మాట ఆయన మనస్ఫూర్తిగానే అన్నాడు. ఆ రాత్రి పదింటి దాకా చలాన్ల మీదే కూర్చున్నాడు. పదిహేను దాటింది. రంజాన్ అమ్మకాలకు కొత్తగా తీసుకున్నవాళ్ల పేర్లు ఎక్కించాల్సి వచ్చింది. మళ్లీ ఏడు, మళ్లీ పదిహేను. ఆమె రెండుసార్లు గుర్తుచేసింది. మూడోసారి అడగలేదు. పనిలోకి రావడమే మానేసింది.

కొన్నాళ్లకు నాంపల్లి కోర్టు దగ్గరి వకీలు నుంచి నోటీసు వచ్చింది. సేఠ్ చదివి, "ఆ పిల్ల కాగితం నీకెప్పుడిచ్చింది?" అని అడిగాడు. గుమాస్తా సొరుగు తీసి బల్ల మీద బోర్లించాడు. చీటీలన్నీ ఉన్నాయి. ఏది ఏ రోజు వచ్చిందో దేని మీదా లేదు.

ఆబిడ్స్ జీపీఓలో పనిచేసి రిటైరైన ఒకావిడను సేఠ్ పిలిపించాడు. ఆవిడ చీటీలన్నీ చదివి ఇలా అంది: "మా దగ్గర ఉత్తరానికి ముందు తేదీ ముద్ర పడాలి. ఏ ఊరికి, ఏ సంచిలోకి అన్నది ఆ తర్వాత. ముద్ర పడ్డాక అది రాలేదని ఎవరూ అనలేరు."

జీతాల గదికి దూరంగా తనకో బల్ల, కుట్టిన రిజిస్టరు, ఒక ముద్ర అడిగింది. చీటీ రాగానే ముద్ర. రాసినవాళ్ల చేతికి రసీదు, దాని మీద జవాబు చెప్పాల్సిన తేదీ. ఆడపిల్లలను ఇబ్బంది పెట్టారన్న ఫిర్యాదైతే అదే రోజు కొట్టు అంతర్గత కమిటీకి. కుర్రాడికి అదనపు గంటల డబ్బు అందింది. పెద్దాయన కింది అంతస్తుకు వచ్చాడు. చీరల కౌంటర్ అమ్మాయి మాత్రం తిరిగి రాలేదు.

నీతి: ఫిర్యాదు అందిన రోజే దానికి గడువు పెట్టాలి. చలాన్లు కట్టే చేతికే దాన్ని అప్పగించకూడదు.

నిజానికి ఈ గడువులు చట్టంలోనే ఉన్నాయి. క్యాలెండర్ మీదికే ఎక్కడం లేదు. పని చోట లైంగిక వేధింపులపై 2013లో వచ్చిన చట్టం ప్రకారం పది మంది, అంతకు మించి ఉన్న ప్రతి చోటా అంతర్గత కమిటీ ఉండాలి. దానికి మహిళే అధ్యక్షురాలు, సభ్యుల్లో కనీసం సగం మంది మహిళలు, ఒకరు బయటివారు. విచారణ 90 రోజుల్లో, ఆ పైన నివేదిక 10 రోజుల్లో, దానిపై యజమాని చర్య 60 రోజుల్లో పూర్తి కావాలి. కమిటీయే వేయకపోతే 50,000 రూపాయల దాకా జరిమానా. జీతం కోతలు, బదిలీల వంటి తగాదాలకూ దారి ఉంది. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారం 20 మంది, ఆపైన కార్మికులున్న చోట ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉండాలి, 30 రోజుల్లో తేల్చాలి.

మరి ఫిర్యాదులెందుకు వెనకబడతాయి? పదిహేను దాటితే వడ్డీ పడుతుంది, నోటీసు వస్తుంది. చీటీ ఆలస్యమైతే ఆ రోజు ఎవరూ తలుపు తట్టరు. నష్టమంతా రాసినవాళ్లే మోస్తారు. అందుకే గుమాస్తా ఒక్కడినే తప్పుపట్టడం నాకు న్యాయంగా అనిపించదు. అరవై మంది బతుకులను ఒక్క మనిషి నెత్తిన పెట్టి, లెక్కలు తప్పనందుకు మెచ్చుకున్న సేఠ్‌దే ఎక్కువ బాధ్యత. రెండో మనిషి జీతం దండగ ఖర్చనుకునే యజమానులు వకీలు నోటీసు తెచ్చే ఖర్చును ఎప్పుడూ దాని పక్కన పెట్టి చూడరు.

ఆబిడ్స్, నాంపల్లి సందుల్లో పది మంది కూడా లేని కొట్లు ఎన్నో. అక్కడి ఆడపిల్లల ఫిర్యాదు యజమాని దగ్గర ఆగనక్కర్లేదు. యజమాని మీదే ఫిర్యాదైనా సరే, జిల్లాలో ఉండే స్థానిక కమిటీకి నేరుగా రాయవచ్చు. ఆ కమిటీ చిరునామా కొట్లో హాజరు రిజిస్టరు పక్కనే, పనివాళ్లు రోజూ సంతకం పెట్టే చోట, తెలుగులోనూ ఉర్దూలోనూ అతికించి ఉండాలి.