పని నిలిచిన దినములలో కాయకము

2020 మే 1వ తేదీ తెల్లవారుజామున లింగంపల్లి స్టేషను నుండి జార్ఖండ్‌లోని హతియాకు ఒక ప్రత్యేక రైలు బయలుదేరినది. లాక్‌డౌన్ కాలమున వలసకూలీల కొరకు దేశమున నడచిన మొదటి రైలు అదే. అందు సుమారు 1,200 మంది ఉండిరి. వారిలో అనేకులు సంగారెడ్డి జిల్లా కందిలో ఐ.ఐ.టి. భవనములు కట్టుచుండినవారు. పనులు ఆగినవి, కూలి అందలేదు. ఏప్రిల్ 29న జీతములిమ్మని, ఇండ్లకు పంపుమని వారు ఆందోళనకు దిగిరి.

పనికి సిద్ధముగా నున్నవానికి పని చూపనపుడు, ఆ దినముల కూలిపై హక్కు కలదా? కాయకమును పూజగా నెంచు వీరశైవులకు ఇది సులభమైన ప్రశ్న కాదు. ఆయ్దక్కి మారయ్య కథ అందరెరిగినదే. బసవేశ్వరుని వాకిట రాలిన బియ్యపు గింజలేరుట అతని కాయకము. ఒకనాడు అవసరమునకు మించి తెచ్చినందుకు భార్య లక్కమ్మ మందలించి, తిరిగి అక్కడనే పోసి రమ్మన్నది. అట్టి శరణుల బాటలో నడచువారు చేయని పనికి జీతమడుగుట ఆశ కాదా యని కొందరి శంక.

ఇచట చట్టమును కొంచెము చూడవలెను. 1947 నాటి పారిశ్రామిక వివాదముల చట్టమునకు 1953లో లేఆఫ్ పరిహారము చేరినది. బొగ్గు, కరెంటు, ముడిసరుకు కొరవడియో, యంత్రము చెడియో యజమాని పని చూపలేనిచో, ఏడాది సర్వీసు గల కార్మికునికి మూలవేతనము, కరువు భత్యములలో సగమివ్వవలెను. అయితే ప్రతిదినము నియమిత వేళకు వచ్చి హాజరు పడవలెను, రానివానికి లేదు. ఈ నియమములోనే శంకకు సమాధానమున్నది. కార్మికుడు తన చేతులను ఆ దినము కూడ సమర్పించినాడు, స్వీకరింపలేనిది యజమాని. గుమ్మమున నిలిచినవానిని సోమరి యనరాదు. పైగా సగము నష్టము అతడే భరించుచున్నాడు!

లక్కమ్మ మాట యజమానికి మాత్రము వర్తించదా? మంచి సంవత్సరముల లాభములో అవసరమునకు మించినది ఆ గింజల వంటిదే. దానిని సంపాదించి పెట్టినవారికి చెడ్డకాలమున తిరిగి ఇచ్చుట దాసోహము, భిక్ష కాదు.

లాక్‌డౌన్‌లో పూర్తి జీతమివ్వవలెనని 2020 మార్చి 29న కేంద్రము ఉత్తర్వు చేసినది. మే 18 నుండి అది రద్దయినది. యజమానులు, కార్మికులు చర్చించి తేల్చుకొనవలెనని జూన్ 12న సుప్రీంకోర్టు సూచించినది. లింగంపల్లిలో రైలెక్కి పోయినవాడు ఏ బల్ల యెదుట కూర్చుండి చర్చించును?

2025 నవంబరు 21న అమలులోనికి వచ్చిన పారిశ్రామిక సంబంధముల స్మృతిలోను సగము వేతనపు హక్కు నిలిచినది. కాని అది 50 మందికి తక్కువ కాని కర్మాగారములకు, గనులకు, తోటలకే. భవన నిర్మాణ కూలీలు ఆ గీతకు వెలుపలనే యున్నారు. గచ్చిబౌలి, మాదాపూర్ సాఫ్ట్‌వేరు ఆఫీసుల ఉద్యోగులును అంతే. చట్టము చేరని చోట ధర్మము చేరవలెను గదా. మఠములు అన్నము పెట్టుట మంచిదే, ఆ పంక్తి ఆగరాదు. దానితోపాటు, విరాళము తెచ్చిన కంట్రాక్టరును స్వాములవారు ఒక మాట అడుగవచ్చును: పని ఆగిన నెలలో నీ కూలీలకు ఏమిచ్చితివి?