సినిమాకేనా అల్లుడా

నా కుడిచేతి ఉంగరపు వేలు ఇప్పటికీ పూర్తిగా ముడుచుకోదు. టీ గ్లాసు పట్టుకుంటే ఆ ఒక్కటీ పక్కకు జరిగి, పిలవని పేరంటానికి వచ్చినట్టు నిలబడుతుంది. అది విరిగి ఏడాదిన్నర అయింది. ఎలా విరిగిందని అడిగినవాళ్ళకు చాలాకాలం ఒకటే మాట చెప్పాను, తొడుగు సరిగ్గా చేయలేదని. ఆ తొడుగు చేసింది దేవరకొండ దగ్గర మా అమ్మమ్మ ఊళ్ళో కమ్మరి. ఆ మాట నిజం కాదు. ఎందుకు కాదో చెప్పాలంటే ముందు ఆట సంగతి చెప్పాలి.

ఇనుప కవచాలు తొడుక్కుని, పదును తీసేసిన ఇనుప కత్తులతో మధ్యయుగపు సైనికుల్లా కొట్టుకోవడం మా ఆట. నాటకంలోలా ముందే అనుకున్న అడుగులు ఉండవు, నిజంగానే కొట్టుకుంటాం. 1966లో అమెరికాలోని బర్కిలీలో ఒక ఇంటి పెరట్లో పార్టీగా మొదలైన సంఘం ఒకటుంది. వాళ్ళు ఇప్పటికీ బెత్తం కర్రలతోనే ఆడతారు. తూర్పు యూరప్ వాళ్ళకు ఆ సున్నితం సరిపోలేదు. 2010లో ఉక్రెయిన్‌లోని ఖోతిన్ కోటలో దేశాలవారీగా జట్లు కట్టి ఇనుముతోనే దిగారు. ఆ వీడియోలు చూసి పాడైపోయినవాళ్ళం హైదరాబాద్‌లో ఎనిమిది మందిమి. అందరం కంప్యూటర్ల ముందు కూర్చుని బతికేవాళ్ళమే. ఆదివారం పొద్దున ఊరవతల ఒక ఖాళీ జాగాలో కలుస్తాం. వారమంతా ఎవరూ ఎవర్నీ తాకని పని చేసేవాడికి ఒక గంటసేపు నిజంగా దెబ్బ తగిలితే ఎలా ఉంటుందో నేను చెప్పలేను, చెప్పినా మా అమ్మ నమ్మదు.

ఈ ఆటలో ముందు దెబ్బతినేది చెయ్యి. కత్తి పట్టుకునేది అదే, అందరికంటే ముందుండేది అదే. చేతిని కాపాడుకోవాలన్న ఆలోచన మనకేం కొత్త కాదు. విశ్వామిత్రుడి వెంట నడిచిన రామలక్ష్మణులకు వాల్మీకి గోధ, అంగుళిత్రాణం కట్టాడు. గోధ అంటే ఉడుము. వింటినారి చేతిని కోయకుండా ఆ తోలు చుట్టుకునేవాళ్ళన్నమాట. మొగలుల నాటికి అది ఇనుప దస్తానా అయింది. యూరప్‌లో పద్నాలుగో శతాబ్దానికి వేలు వేలుకూ రేకులు అతికిన తొడుగులు వచ్చాయి. 1376లో చనిపోయిన ఇంగ్లండు యువరాజు ఒకడి బంగారు పూత రాగి తొడుగులు కాంటర్‌బరీ చర్చిలో ఉన్నాయి. నన్ను ఎక్కువగా వెంటాడినవి మాత్రం స్వీడన్‌లోని విస్బీ దగ్గర దొరికినవి. 1361లో డెన్మార్క్ రాజు సైన్యం అక్కడి రైతుల్ని ఊచకోత కోసింది. శవాల్ని కవచాలతో సహా గోతుల్లో పూడ్చేశారు. ఇవాళ మాలాంటివాళ్ళు సరదాకు చేయించుకునే తొడుగుల నమూనాలు కొన్ని ఆ గోతుల్లోంచి వచ్చినవే.

మంచి తొడుగు ఎవడి చేతికి వాడికే కుదరాలి. లోపల తోలు గ్లోవ్ ఉంటుంది. దాని మీద తోలు పట్టీలు, పట్టీల మీద రొయ్య వీపులా ఒకదాని మీదొకటి ఎక్కే ఇనుప రేకులు. కొలత చాచిన చేతికి కాదు, కర్ర పట్టుకున్న పిడికిలికి తీయాలి. బిగిస్తే చెయ్యి వెడల్పవుతుంది, వేళ్ళ కణుపులు లేస్తాయి. బొటనవేలు అన్నిటికంటే కష్టం. అది మిగతా నాలుగింటిలా ఒకే దిక్కుకు మడిచేది కాదు. దేనికైనా అడ్డం వచ్చేది అదే, అది లేకపోతే పట్టే లేదు. ద్రోణుడికి ఏది అడగాలో బాగా తెలుసు.

విదేశం నుంచి తెప్పించుకోవాలంటే నా రెండు నెలల అద్దె. అప్పుడు అమ్మమ్మ ఊరి కమ్మరి గుర్తొచ్చాడు. కొడవళ్ళు, గొడ్డళ్ళు, ఒకప్పుడు నాగలి కర్రులు. ఇప్పుడు ట్రాక్టర్ పనిముట్లకు వెల్డింగ్ ఎక్కువ. కొలిమికి తిత్తి పోయి కరెంటు బ్లోయర్ వచ్చింది. అమ్మ వరసన నాకు మామ అవుతాడు. అంటే ఊళ్ళో అందరూ అంతే.

కాగితాలు, ఫొటోలు పట్టుకుని వెళ్ళాను. ఫోన్‌లో బొమ్మ చూసి నవ్వాడు.

"గిదేంది అల్లుడా, చేతులకు చెప్పులా?"

"తొడుగులు మామా. ఇనుపవి."

"సినిమాకేనా? బాహుబలి లెక్క?"

తల ఊపాను.

అంతే జరిగింది. ఒక్క మాట కూడా అనలేదు. అబద్ధం ఆయనే నా చేతిలో పెట్టాడు, నేను తీసుకున్నాను. ధర్మరాజు కనీసం గొంతు తగ్గించి ఏనుగు పేరెత్తాడు. నాకు ఆ శ్రమ కూడా లేదు.

ఎందుకు ఊపానో ఇప్పుడు తేలిగ్గానే చెప్పగలను. ఆయన ఎడమచేతి బొటనవేలికి గోరు లేదు. ముంజేతుల నిండా నిప్పురవ్వల మచ్చలు. గ్లోవ్స్ వేసుకోవచ్చు కదా అని అంతకుముందే అడిగాను. "ఏసుకుంటే పట్టుకారు పట్టు తెల్వది" అన్నాడు. అలాంటి చేతుల ముందు నిలబడి, నేనూ నా స్నేహితులూ ఆదివారాలు సరదాకు ఒకర్నొకరు ఇనుపకడ్డీలతో బాదుకుంటామని, ఆ దెబ్బలు తగలకుండా నా చేతులకు అంగరకా కుట్టిపెట్టమని అడగడం సిగ్గనిపించింది. సినిమా అయితే పని. పనికి గౌరవం ఉంది.

ఆయన వెంటనే పనిలోకి దిగాడు. "సినిమాకైతే బరువెందుకు? హీరోకు చెయ్యి నొస్తది. ఇరవై రెండు గేజ్ రేకు చాలు." నాకు తెలుసు, కావాల్సింది 16 గేజ్, అంటే ఇంచుమించు ఒకటిన్నర మిల్లీమీటర్లు. ఇరవై రెండు దాంట్లో సగం. "కొంచెం మందం ఉంటే..." అన్నాను. "ఎందుకు?" అన్నాడు. ఆ ఎందుకుకు నా దగ్గర జవాబు ఉంది, చెప్పే దారి లేదు. ఊరుకున్నాను. గుండ్రంగా వంచిన రేకుకు బలం ఎక్కువ, లోపల స్పాంజి వేసుకుంటే సరిపోతుందని నాకు నేనే ఇంజినీరింగ్ చెప్పుకున్నాను.

పని మాత్రం శ్రద్ధగా చేశాడు. నేను ఇచ్చిన కాగితం నమూనాలో బొటనవేలు తప్పని కనిపెట్టాడు. సుత్తె పిడి నా చేతికిచ్చి పట్టుకోమన్నాడు, చూశాడు, కాగితం కత్తిరించి ఆ ముక్కను అడ్డంగా తిప్పి అతికించాడు. ఇంటర్నెట్‌లో వందలసార్లు చూసి నేను గీసిన దాన్ని ఆయన ఒక నిమిషంలో దిద్దాడు. రెండు తొడుగులకు 3,500 తీసుకున్నాడు.

మూడో ఆదివారం ఒక దెబ్బ నేరుగా ఉంగరపు వేలి మీద పడింది. రివెట్లు ఊడలేదు, రేకు లోపలికి వంగి వేలిని నొక్కేసింది. ఆస్పత్రిలో డాక్టరు "బైక్ మీంచి పడ్డారా?" అన్నాడు. తల ఊపాను. అలవాటైపోయింది.

జట్టులో అడిగితే "ఊరి కమ్మరి పని, అంతే మరి" అన్నాను. అందుకే బయటి నుంచి తెప్పించుకోమన్నామని వాళ్ళన్నారు. అమెరికాలోనూ యూరప్‌లోనూ అమ్మే కత్తులూ శిరస్త్రాణాలూ డెహ్రాడూన్‌లోని విండ్లాస్ స్టీల్‌క్రాఫ్ట్స్ లాంటి చోట తయారై వెళతాయని మాలో ఇద్దరికి తెలుసు. అయినా ఎవరం ఏమీ అనలేదు. దూరం నుంచి వచ్చిందంటే మనవాళ్ళు చేసిందైనా నమ్మకం కుదురుతుంది కాబోలు.

విశ్రాంతిలో ఉన్న రోజుల్లో ప్లేటో రిపబ్లిక్ పదో భాగం మళ్ళీ చదివాను. ఒంటిచేత్తో పట్టుకోగలిగిన పుస్తకం అది. అందులో ఒక వాదన ఉంది. కళ్ళెం బొమ్మ గీసేవాడికి కళ్ళెం గురించి ఏమీ తెలియదు. దాన్ని చేసే కమ్మరికీ, తోలుపనివాడికీ ఉండేది సరైన నమ్మకం మాత్రమే. అసలు జ్ఞానం గుర్రం ఎక్కేవాడిది. వేణువు వాయించేవాడు ఏది బాగుందో చెబుతాడు, చేసేవాడు నమ్మి చేస్తాడు. పేజీ మూసి చాలాసేపు కూర్చున్నాను. వాడేవాడు అబద్ధం చెబితే ఏమవుతుందో ప్లేటో అక్కడ అడగలేదు. చేసేవాడి నమ్మకం తప్పవుతుంది, చేతిలో నేర్పు అలాగే ఉంటుంది. సినిమా తొడుగుగా ఆయన చేసింది తప్పులేని వస్తువు. దాన్ని చెడ్డ వస్తువుగా మార్చింది నా మెడ.

ప్లేటోతో నాకో పేచీ కూడా ఉంది. చేసేవాడికి ఉన్నది వట్టి నమ్మకమేనంటే నేను ఒప్పుకోను. బొటనవేలు ఎటు తిరుగుతుందో వాడే నాకు తెలియలేదు, చేసే ఆయనకు తెలిసింది. ప్లేటో గుర్రం ఎక్కే ఇళ్ళలో పుట్టినవాడు, అందుకేనేమో ఆజ్ఞ ఇచ్చేవాడి వైపు జ్ఞానాన్ని కొంచెం ఎక్కువ తూచాడు. మా అమ్మమ్మ ఇల్లూ అలాంటిదే. కమ్మరికి, వడ్లకు, కుమ్మరికి కల్లం దగ్గర గింజలు కొలిచి ఇచ్చిన ఇల్లు. ఇలా చెయ్యి, అలా చెయ్యి అనడమే తప్ప ఎందుకో చెప్పే అలవాటు మాకు లేదు. నేను తల ఊపింది సిగ్గుతోనే, కాదనను. కాకపోతే ఆ సిగ్గుకు అంత తేలిగ్గా దారి దొరికింది ఆ పాత అలవాటు వల్లేనేమో. హైదరాబాద్‌లో ఒక టైలర్‌కైతే, ఈ ప్యాంటు దేనికో అడిగితే, ఇంత సులువుగా అబద్ధం ఆడేవాణ్ణా?

మా జట్టు ఒకసారి నకిరేకల్ దగ్గర చందుపట్లకు వెళ్ళింది. రుద్రమదేవి మరణం సంగతి తెలిపే 1289 నాటి శాసనం అక్కడుంది. రాణికీ, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడికీ పుణ్యం కలగాలని పువ్వుల ముమ్మడి అనే సేవకుడు వేయించాడు. కవచాలు తొడుక్కుని దాని పక్కన ఫొటోలు దిగాం. నేను ఎడమచేతికి మామ చేసిన తొడుగు వేసుకున్నాను, కుడిచేతికి కట్టు. ఫొటో కింద ఎవరో "తొడుగు ఎక్కడ చేయించావ్, చాలా బావుంది" అని రాశారు. జవాబివ్వలేదు. నిందించేటప్పుడు ఆయన కులమూ ఊరూ చెప్పాను, మెచ్చుకోలు వచ్చినప్పుడు నోరు మూసుకున్నాను. ఇది వేలికంటే ఎక్కువ సలిపింది.

దసరాకు వెళ్ళినప్పుడు సొట్టపడ్డ తొడుగు తీసుకుని కొలిమి దగ్గరికి పోయాను. చెప్పేశాను. ఆయన బ్లోయర్ ఆపాడు.

"ఆడుకునేటందుకు కొట్టుకుంటరా?"

"అవును మామా."

నవ్వుతాడనుకున్నాను, లేదంటే తిడతాడని. తొడుగు తీసుకుని వెలుతురులో తిప్పాడు, సొట్ట మీద వేలు పెట్టి లోతు చూశాడు, ఒక్కో రివెట్టునూ గోటితో కదిపాడు. "రివెట్లు పోలే" అన్నాడు, నాకు కాదు, తనకు తానే. ఆ తర్వాత అన్నాడు: "దెబ్బ వడ్తదని జెప్తే రేకు మార్చేటోణ్ని గద."

కాసేపయ్యాక వాళ్ళ నాయన సంగతి చెప్పాడు. సాయుధ పోరాటం రోజుల్లో ఆయన రాత్రిళ్ళు దళాలకు బరిసెలు చేసి ఇచ్చేవాడట. దొరికితే చేతులు విరగ్గొడతారని తెలుసట. "ఎవలకు, ఎందుకు అన్నది తెల్సే చేసిండు" అన్నాడు. నన్ను ఉద్దేశించి అన్నాడో, ఊరికే గుర్తొచ్చి అన్నాడో ఆ గొంతులో తెలియలేదు. ఆ ముసలాయనకు కాదనే వీలుంది, చేశాడు. నేను ఆయన కొడుక్కి ఆ వీలు ఇవ్వలేదు. దెబ్బల ఆటకు నేను చేయను పొమ్మనే హక్కు ఆయనకు ఉండేది. చేసేవాడేమో, పొమ్మనేవాడేమో. ఆ సంగతి నేను ఇంక ఎప్పటికీ తెలుసుకోలేను, ఎందుకంటే ఇప్పుడు చేస్తానన్నా అందులో నా విరిగిన వేలి మీద జాలి కలిసి ఉంటుంది.

"నేను జేసిన దానికి ఏలిరిగిందని ఊళ్లె ఎవలకన్న జెప్పినవా?"

"ఊళ్ళో చెప్పలేదు మామా."

"పట్నంల?"

"చెప్పిన."

బ్లోయర్ మళ్ళీ వేశాడు. బొగ్గులు ఎర్రబడేదాకా మాట్లాడలేదు. పట్నంలో ఆ ఎనిమిది మంది ఆయనకెవరు? ఎప్పటికీ చూడడు, వాళ్ళ దగ్గర్నుంచి పని వచ్చేదీ లేదు. అయినా ఆ మొహం నేను చూశాను. "మల్ల జెప్పు వాళ్ళకు" అన్నాడు.

చెప్పాను. ఇద్దరు నవ్వారు, ఒకడు మామ నంబరు అడిగాడు, మిగతావాళ్ళకు అదంత పెద్ద విషయంగా కనిపించలేదు. ఇక్కడ రాయడం కూడా ఆ చెప్పడంలో భాగమే.

కొత్త జత పనిలో ఉంది. ఈసారి ఎందుకని ముందే అడిగాడు, అన్నీ చెప్పాను. "కత్తి తే, చూడకుంట ఎట్ల జేస్త?" అన్నాడు. తీసుకెళ్ళాను. 16 గేజ్ రేకు ఒకటి వంచి, తోలు పట్టీకి బిగించి, వేప మొద్దు మీద పెట్టి ఆ కత్తితో తనే కొట్టాడు. మా జట్టులో ఎవరూ అంత గట్టిగా కొట్టలేరు. రేకు కొంచెం వంగింది. తల అడ్డంగా ఊపి కొలిమిలో పెట్టాడు. బరువు గురించి హెచ్చరించాడు, అరగంటకే చెయ్యి దిగిపోతుందట. రెంటికీ కలిపి ఆరు వేలు చెప్పాడు. బేరం ఆడలేదు. కుడిచేతి బొటనవేలి రేకు ఇంకా మిగిలింది. వంకర తిరిగిన ఉంగరపు వేలికి కొలత మళ్ళీ తీయాలట, వచ్చే ఆదివారం రమ్మన్నాడు.