వచ్చింది, పంపాను

మా అక్క కూతురు హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. నేను చాలా ఏళ్లు ఒక దినపత్రిక జిల్లా డెస్కులో సబ్‌ఎడిటర్‌గా చేశాను. ఒకరి మాట ఇంకొకరికి ఎలా చేరాలన్న విషయంలో మా ఇద్దరికీ మొదటినుంచీ పడదు. మొన్న దసరాకి వచ్చినప్పుడు ఆ వాదన తెగేదాకా సాగింది. బంధువుల వాట్సాప్ గ్రూపులో ఒక పెద్దాయన షుగర్ జబ్బుకి ఏదో ఆకు కషాయం గురించి పెట్టారు. అది తాగితే మందులు మానేయవచ్చని అందులో ఉంది. “మీకెలా తెలుసు బావగారూ?” అని నేను అక్కడే అడిగాను. “నాకు వచ్చింది, పంపాను” అని ఆయన జవాబు. పెద్దవాడిని చిన్నబుచ్చానని నా మేనకోడలికి కోపం వచ్చింది.

“ఆయన మన మంచి కోరే పంపారు కదా మామయ్యా. అందరి ముందూ అలా నిలదీయాలా?”

“మంచి కోరే పంపారు, అందులో నాకు అనుమానం లేదు. చెడు తలపెట్టి పంపేవాళ్లు కొద్దిమంది, వాళ్లకి చట్టం ఉంది. మంచివాళ్లు మంచి కోరి పంపేవాటి గురించే నా బెంగ. 2018 మే నెల గుర్తుందా నీకు?”

“పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని వచ్చిన మెసేజ్‌లేగా? మా హాస్టల్ గ్రూపులో కూడా వచ్చాయి.”

“ముఠాలు లేవు. మెసేజ్‌లు మాత్రం ఊళ్లూ బస్తీలూ చుట్టేశాయి. ఆ నెలలోనే చాంద్రాయణగుట్టలో ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను గుంపు కొట్టి చంపింది. జూలై 1న మహారాష్ట్రలో ధూలే జిల్లా రైన్‌పాడాకి భిక్షాటనకు వచ్చిన సంచార జాతివాళ్లు ఐదుగురు అదే అనుమానానికి బలైపోయారు. అప్పట్లో దేశమంతా తిరిగిన వీడియో ఒకటుంది. సందులో పిల్లలు ఆడుకుంటూ ఉంటారు, బైకు మీద ఇద్దరొచ్చి ఒక పిల్లాడిని ఎత్తుకుపోతారు. అది కరాచీలో తీసింది. పిల్లల్ని జాగ్రత్తగా చూసుకోమని తల్లిదండ్రులకి చెప్పడానికి ఒక సంస్థ తీయించింది. అసలు దాంట్లో ఆ ఇద్దరూ వెనక్కొచ్చి పిల్లాడిని దించేసి, పిల్లల్ని ఎత్తుకుపోవడానికి క్షణం చాలని రాసిన అట్ట చూపిస్తారు. మనదాకా వచ్చేసరికి ఆ చివరి ముక్క లేదు.”

“తప్పు కోసినవాడిది. ఇంకో ముక్క ఉందని పంపినవాళ్లకి ఎలా తెలుస్తుంది?”

“తెలియదు. తెలియనప్పుడు ఏం చేశారన్నదే నా ప్రశ్న. న్యాయదర్శనం జ్ఞానానికి నాలుగు ప్రమాణాలు చెప్పింది కదా, ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం అని. శబ్దమంటే ఏ మాట పడితే ఆ మాట పనికిరాదు, ఆప్తుడి మాట కావాలి. ఆప్తుడెవరో వాత్స్యాయనుడు తన భాష్యంలో వివరించాడు. విషయాన్ని స్వయంగా తెలుసుకున్నవాడు, తెలిసింది తెలిసినట్టు చెప్పాలన్న కోరిక ఉన్నవాడు. ఋషికైనా, ఆర్యుడికైనా, మ్లేచ్ఛుడికైనా లక్షణం ఇదొక్కటేనన్నాడు. అంత పాతకాలంలో ఆ మాట అనడం నాకు చాలా గొప్పగా అనిపిస్తుంది. కులం, పెద్దరికం ఆయన అడగలేదు.”

“మన పెద్దాయనకి రెండోది ఉంది, మొదటిది లేదు. అంతేగా?”

“అంతే అయితే సరిదిద్దుకోవడం తేలిక. ‘నాకు తెలియదు, ఎక్కడో చదివాను’ అని ఒక్కమాట అంటే సరిపోయేది. కానీ ఆయన లెక్కలో ఆయన అసలేమీ చెప్పలేదు. వచ్చింది, పంపారు. మీ అత్తయ్య ఫోను తీసి చూస్తే ఏం కనబడుతుంది? ఆయన పేరు, ఆయన ఫొటో, దాని కింద కషాయం. అన్నయ్యగారు చెప్పారు కాబట్టి నిజమే అయి ఉంటుందని నమ్ముతుంది. పంపినవాడు తాను చెప్పలేదనుకుంటాడు, అందుకున్నవాళ్లు ఆయనే చెప్పాడనుకుంటారు. ఆయన మీద ఉన్న గురి మాటతోపాటు వెళ్లింది, ఆయన పూచీ మాత్రం వెళ్లలేదు. రైన్‌పాడా దాకా జరిగినవన్నీ ఈ సందులోంచే జరిగాయని నా నమ్మకం.”

తను కాసేపు ఆలోచించింది. ఇలాంటి విషయాల్లో తనకి తెలిసిన సాంకేతికం నాకు తెలియదు. అందుకే తనతో వాదించడం నాకు ఇష్టం.

“వెబ్ మొదట్లో ఇలా లేదు మామయ్యా. టిమ్ బెర్నర్స్-లీ 1989లో సెర్న్‌లో ప్రతిపాదించినదానికి ప్రాణం లింకే. నేను మీకు లింకు పంపితే మీరు ఆ రాసినవాడి దగ్గరికే వెళ్తారు. ముందూ వెనకా ఏముందో చూస్తారు. ఫార్వర్డ్ అయితే నకలు. ఎక్కడ పుట్టిందో దానిమీద ఉండదు. అయితే మీ వాదనలో ఒక చిక్కుంది. ట్విట్టర్‌లో రీట్వీట్ చేస్తే అసలు రాసినవాడి పేరు చెరిగిపోదు. అయినా ఏం జరిగింది? ఎంఐటీ పరిశోధకులు 2006 నుంచి 2017 దాకా ట్విట్టర్‌లో తిరిగిన సుమారు 1,26,000 కథనాలను పరిశీలించి 2018లో సైన్స్ పత్రికలో ప్రచురించారు. నిజం కంటే అబద్ధం రీట్వీట్ అయ్యే అవకాశం 70 శాతం ఎక్కువని తేలింది. 1,500 మందికి చేరడానికి అబద్ధానికి పట్టిన కాలానికి ఆరు రెట్లు నిజానికి పట్టింది. ప్రోగ్రాములు నడిపే బాట్ ఖాతాలు తీసేసి చూసినా అంతే, మనుషులే పంచారు. మూలం కనబడుతున్నా ఆగలేదు కదా.”

ఈ అభ్యంతరం బలమైనది. దీనికి జవాబు వెతుక్కునేటప్పుడే నేను చెప్పదలుచుకున్నది నాకు ఇంకాస్త స్పష్టమైంది.

“అయితే మూలం పేరు ఒక్కటే చాలదన్నమాట. మొదట చెప్పినవాడి పేరు ఉన్నా, మధ్యలో చేయి కలిపినవాడు నోరు విప్పడం లేదు. రీట్వీట్ బటన్ 2009లో వచ్చింది కదా. అంతకుముందు ఎలా చేసేవారు?”

“ఆర్‌టీ అని చేత్తో టైపు చేసి, రాసినవాడి పేరు పెట్టి, వాక్యం కాపీ చేసేవాళ్లు. చాలామంది ముందు తమ మాట ఒకటి చేర్చేవాళ్లు. ఆ బటన్ తయారుచేసిన క్రిస్ వెదరెల్ అందుకు బాధపడుతున్నట్టు 2019లో ఒక ఇంటర్వ్యూలో చెప్పాడు.”

“చేత్తో రాసేటప్పుడు మనిషి ఆ మాటని ఒకసారి తన మనసులోంచి పోనిస్తాడు. ఇది నాకు కావాలా, ఇది నేను అంటున్నానా అని అడుగుతాడు. బటన్ ఆ అడగడాన్ని తీసేసింది.”

“మీ పత్రికలు అడిగాయా?” అంది వెంటనే. “‘విశ్వసనీయ వర్గాల భోగట్టా’, ‘అని తెలిసింది’ అని మీరూ రాసేవారుగా? అదీ వచ్చింది, పంపాను లాంటిదే.”

“రాసేవాళ్లం. ఆ ‘తెలిసింది’ చాటున చాలా తప్పులు దూరాయి. కానీ పత్రిక అడుగున ముద్రాపకుడు, ప్రచురణకర్త ఎవరో వేయాల్సిందే. 1867 నాటి చట్టం నుంచీ ఉన్న నియమం. ఎవరికైనా నష్టం జరిగితే వెళ్లి నిలదీయడానికి ఒక మనిషి ఉండేవాడు.”

“ఆ చట్టం తెచ్చింది బ్రిటిష్ ప్రభుత్వం. ఎవడేం రాస్తున్నాడో కనిపెట్టుకుని ఉండటానికి తెచ్చింది. ఇప్పుడూ అదే జరుగుతోంది. 2021 ఐటీ నియమాల్లో మెసేజ్ మొదట పంపిందెవరో చెప్పాలని పెట్టారు. దానిమీద వాట్సాప్ ఢిల్లీ హైకోర్టుకి వెళ్లింది. మెసేజ్‌కి పేరు అంటించమంటే, రేపు ఒక గుమాస్తా తన ఆఫీసులో అవినీతి గురించి ధైర్యంగా ఒక కాగితం ఫొటో బయటికి పంపగలడా? పేరు దాచుకునే హక్కు లేకపోతే మొదట నోరు మూతపడేది బలహీనుడిదే.”

“నువ్వన్నది నిజం. మొదటివాడిని పట్టుకోమని నేను అడగడం లేదు. ప్రభుత్వం చేతికి తాళాలు ఇవ్వమనీ అడగడం లేదు. గుమాస్తా పేరు దాగే ఉండాలి. నేనడిగేది నా చేతికి అందిన మాట గురించి, నేను ముందుకు పంపే మాట గురించి. ‘ఈ కాగితం ఎవరిదో చెప్పలేను, నేను దీన్ని ఫలానా విధంగా సరిచూశాను, అందుకే పంపుతున్నాను’ అంటే నా పూచీ నేను పడ్డట్టే. పోలీసులు వేరు, పూచీ వేరు. ఒకటి భయం మీద నడుస్తుంది, రెండోది పరువు మీద.”

“అలాంటిది ఒకసారి నేను కళ్లారా చూశాను మామయ్యా,” అంది. గొంతు మారింది. “2021 ఏప్రిల్, మేలో, కరోనా రెండో వేవ్‌లో. ఆక్సిజన్ సిలిండర్లు ఎక్కడున్నాయి, పడకలు ఎక్కడ ఖాళీ ఉన్నాయి అని పోస్టులు. మొదట అన్నీ నకళ్లే. నంబరు తిప్పితే స్విచాఫ్, లేకపోతే నిన్నే అయిపోయిందనేవారు. అవతల మనిషికి ఊపిరి అందడం లేదు, ఇక్కడ పాత నంబర్లు తిరుగుతున్నాయి. కొద్దిరోజులకి ఎవరూ చెప్పకుండానే ఒక పద్ధతి మొదలైంది. పంపేముందు తామే ఫోన్ చేసేవాళ్లు. ఫలానా గంటకి కనుక్కున్నాం, ఇన్ని ఉన్నాయి అని పైన రాసేవాళ్లు. అయిపోతే వెనక్కొచ్చి అయిపోయిందని పెట్టేవాళ్లు. ముక్కూ మొహం తెలియనివాళ్లు ఇదంతా చేశారు.”

“చూశావా, వాత్స్యాయనుడి రెండు లక్షణాలూ అందులో ఉన్నాయి. స్వయంగా తెలుసుకున్నారు, తెలిసింది తెలిసినట్టు చెప్పారు. పేరు తెలియకపోయినా ఆప్తులే.”

“అంటే పంచుకోవడమే తప్పని మీరు అనడం లేదు.”

“ఎలా అంటాను? పంచుకోకపోతే ఆ సిలిండర్ కబురు చేరేదా? మాట చేతులు మారడంవల్లే ఇదంతా సాంఘిక మాధ్యమం అయింది. ఏ చేతిలో మాట ఏమవుతోందన్నదే నా పట్టింపు.”

“కంపెనీలు కొంత ప్రయత్నించాయి. వాట్సాప్ 2018 జూలైలో ఫార్వర్డ్ అన్న గుర్తు పెట్టింది, మన దేశంలో ఒకేసారి ఐదు చాట్లకి మించి పంపకుండా చేసింది. 2020 ఏప్రిల్‌లో, చాలాసార్లు చేతులు మారినవాటిని ఒక్క చాట్‌కే పరిమితం చేశాక అలాంటివి 70 శాతం తగ్గాయని చెప్పింది. ట్విట్టర్ అయితే సరిగ్గా మీరన్నదే చేసి చూసింది. 2020 అమెరికా ఎన్నికల ముందు, రీట్వీట్ నొక్కితే ముందు మీ మాట రాయండని పెట్టె తెరిచేది. పంచుకోవడం మొత్తమ్మీద 20 శాతం తగ్గింది. కానీ కొత్తగా వచ్చిన వ్యాఖ్యల్లో చాలావాటిలో ఒక్క ముక్కే ఉంది. డిసెంబరుకల్లా తీసేసింది.”

“ఎందుకు ఒక్క ముక్కే రాశారంటావు?”

“పెట్టె అడిగింది కాబట్టి. యంత్రం అడిగితే యంత్రానికి సరిపడా జవాబిస్తారు.”

తను అన్న ఈ మాట దగ్గరే నేను మళ్లీ 2018కి వెళ్లాను.

“ఆ ఏడాది గద్వాల, వనపర్తి జిల్లాల్లో కూడా అవే వీడియోలు వచ్చాయి. అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి ఊరూరికీ పోలీసులను పంపారు. డప్పు చాటింపు వేయించారు, పాటలు కట్టించి జనం మధ్య పాడించారు. ముఠాలు లేవని, ఆ వీడియోలు నమ్మవద్దని ఎదురుగా నిలబడి చెప్పారు. ఆ రెండు జిల్లాల్లో ఆ వదంతులకి ఒక్క ప్రాణం కూడా పోలేదు. మొహం తెలిసిన మనిషి వచ్చి, ఇది నేను కనుక్కున్నాను, నేను చెబుతున్నాను అంది. పెట్టె అడగడానికీ మనిషి అడగడానికీ ఉన్న తేడా అదే. నేను బావగారిని అడిగిందీ అందుకే. ‘మీకెలా తెలుసు’ అని అడిగానంటే, ఆయన మాటకి విలువ ఉందని ఒప్పుకున్నట్టు. విలువ లేనివాడు పంపితే నేను చదవకుండా జరిపేసేవాడిని.”

“ఆ గౌరవం ఆయనకి తెలియాలి కదా. ఫోన్ చేసి అడిగితే తెలిసేది. గ్రూపులో అడిగితే ఓడిపోయినట్టు అనిపిస్తుంది. ఓడిపోయానని అనుకున్న మనిషి ఇంకెప్పుడూ ఆలోచించడు, మొండికేస్తాడు.”

“కషాయం చదివినవాళ్లంతా ఆ గ్రూపులోనే ఉన్నారు. అందులో ఇన్సులిన్ వేసుకునేవాళ్లు ఉన్నారు. నేను ఒక్కడినే విని ఊరుకుంటే వాళ్ల సంగతేమిటి?”

“ముందు ఆయనకి ఫోన్ చేయండి. ఆయన చేతే గ్రూపులో రాయించండి.”

దీనిమీద మేమిద్దరం ఏకాభిప్రాయానికి రాలేదు. మందు మానేయమనే మెసేజ్ విషయంలో ఒక పూట ఆలస్యం కూడా ఎక్కువేనని నా పట్టుదల. మిగతా చాలావాటిలో మాత్రం తను చెప్పిన దారే మంచిదని ఇప్పుడు నాకు అనిపిస్తోంది. అడగడం మానకూడదు. అడిగే తీరు అవతలి మనిషిని చెప్పేవాడిగా నిలబెట్టాలి, ముద్దాయిగా నిలబెట్టకూడదు.

ఇది చదివినవాళ్లలో ఎవరికైనా దీన్ని ఇంకొకరికి పంపాలనిపించవచ్చు. పంపండి. పంపేముందు పైన మీ మాటల్లో రెండు వాక్యాలు రాయండి: ఇందులో మీకు స్వయంగా తెలిసింది ఏది, మీరు ఒప్పుకోనిది ఏది. ఆ రెండు వాక్యాలు రాయడానికి తీరిక లేకపోతే ఈ వ్యాసం మీ దగ్గరే ఆగిపోనివ్వండి.