మన తరఫున మాట్లాడేదెవరు?

కోయ, గోండి, కువి, సవర మాట్లాడే మన పెద్దలు చాలామంది డాక్టరు ఏమడిగినా తల ఊపుతారు. అది ఒప్పుకోవడం కాదు. అర్థం కాలేదని చెప్పడానికి భయం, మొహమాటం. అందుకే పక్కన ఒక మనిషి ఉండాలంటాం. మరి ఆ మనిషికి మన బదులు మాట్లాడే హక్కు ఎక్కడి నుంచి వస్తుంది? చదువు నుంచా, ఉద్యోగం నుంచా?

ఖమ్మం జిల్లాలో జరిగింది మనం మరచిపోకూడదు. 2009లో అక్కడ 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా ఒక టీకా వేశారు. అది పరిశోధనలో భాగం. వాళ్లలో హాస్టళ్లలో చదువుకునే ఆదివాసీ పిల్లలు ఎందరో ఉన్నారు. 2010లో ఆ పని ఆపేశారు. విచారణలో అనుమతి పత్రాలు చూస్తే, 9,543 పత్రాల్లో 2,763 మీద హాస్టల్ వార్డెన్ల సంతకాలున్నాయి. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం దీన్ని గట్టిగా తప్పుపట్టింది. టీకా మంచిదా చెడ్డదా అన్నది ఇక్కడ ప్రశ్న కాదు. అమ్మానాన్నలు గూడెంలో ఉండగానే వాళ్ల మాట ఇంకొకరు చెప్పేశారు. అదీ ప్రశ్న.

వార్డెన్ పిల్లలకు అన్నం పెట్టేవాడే, మంచివాడే కావచ్చు. కానీ మంచితనం అనుమతి కాదు. మన తరఫున మాట్లాడే హక్కు మనం ఇస్తేనే వస్తుంది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఈ న్యాయాన్నే ఒప్పుకుంది. పెద్దవాళ్లు ఎవరైనా తమ ప్రతినిధిని తామే ఎంచుకోవచ్చు. తెల్లకాగితం మీద రాసి వేలిముద్ర వేసినా చెల్లుతుంది. వద్దనుకుంటే మార్చుకోవచ్చు. ఏ వేలిముద్రను చూసి మనల్ని ఏమీ తెలియనివాళ్లనుకున్నారో, ఆ వేలిముద్రకే అక్కడ విలువ ఉంది.

మనవాళ్లు పక్కన ఉంటే చాలా? చాలదు. ఆశా కార్యకర్త మన గూడెం ఆడబిడ్డే కావచ్చు, చదువుకున్న మనవడే తోడు రావచ్చు. "నీకేం తెలుసు, ఊరుకో తాతా" అన్నాడంటే ఆ మనవడూ పత్రం మీద సంతకం పెట్టిన వార్డెనే. డాక్టరు మాటను మన భాషలో తాతకు చెప్పాలి. తాత మాటను, "వద్దు" అన్నా సరే, తగ్గించకుండా డాక్టరుకు చెప్పాలి. విన్న రోగం సంగతి గూడెంలో చెప్పకూడదు. పాము కరిచి స్పృహ లేనప్పుడు అడిగే వీలుండదు, నిజమే. అప్పుడు ప్రాణమే ముందు. తెలివి వచ్చాక జరిగిందంతా ఆ మనిషికి చెప్పడం మన బాధ్యత.

ఉపాధ్యాయులకు ఒక మనవి. ఇదేం మందు? ఎందుకు? వద్దంటే ఏమవుతుంది? ఈ మూడు ప్రశ్నలు పిల్లలకు తెలుగులోనూ తల్లిభాషలోనూ అడగడం నేర్పండి. రేపు వాళ్లే ఇంకొకరికి తోడు వెళతారు. తాము అడగడం నేర్చినవాళ్లే ఎదుటివాళ్లను అడగనిస్తారు.